యోగచికిత్సా చరిత్రము

యోగమువలన వ్యాధులు నివారణమగునను మాట నేఁడు సర్వత్ర వినఁబడుచున్నది. ఆసనప్రాణాయామములను వైద్యాంగములుగా నుపదేశించు శాలలు దేశదేశములందు వెలసినవి. 2014 డిసెంబరు 11వ తేదీని ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా నిర్ణయించిన పిదప నీ ప్రచారము మఱింత విస్తరించినది. యోగచికిత్సయొక్క ప్రాచీనతనుగూర్చి లోకమున రెండు పక్షములు గలవు. ఇది యంతయుఁ బతంజలిమహర్షి కాలమునుండి యవిచ్ఛిన్నముగా వచ్చుచున్నదని యొక పక్షము. ఇది యిరువదవ శతాబ్దమునఁ బుట్టిన వ్యాయామపద్ధతియే కాని ప్రాచీనులెఱుఁగనిదని రెండవ పక్షము. ఈ రెంటిలో నేది గ్రంథప్రమాణమునకు నిలుచునో విచారింపవలసియున్నది. ఆ విచారము కాలనిర్ణయముతోనే ముగియునది కాదు. యోగమువలన రోగికిఁ గలుగు మేలెట్టిది, యా మేలు యోగములోని యే యంగమువలనఁ గలుగుచున్నది యను ప్రశ్నములు దానితో ముడివడియున్నవి.

శబ్దవిచారము

యోగశబ్దమునకు ధాతుపాఠమున మూఁడు మూలములు చూపవచ్చును. దివాదిగణమునందలి యుజధాతువు సమాధ్యర్థకము. రుధాదిగణమునందలి యుజిర్ ధాతువు సంయోగార్థకము. చురాదిగణమునందలి యుజధాతువు సంయమనార్థకము. ఘఞ్ ప్రత్యయము చేరఁగా నీ మూఁటికిని యోగ యను రూపమే సిద్ధించును. రూపమొక్కటియైనను నర్థములు వేఱగుటచే శాస్త్రకారులు తమకభిమతమైన ధాతువును నిర్ణయించుకొనిరి. యోగసూత్రభాష్యమున వ్యాసుఁడు యోగమనఁగా సమాధియే యని యారంభముననే చెప్పెను. వాచస్పతిమిశ్రుఁడు తత్త్వవైశారదియందు సంయోగార్థకధాతువు నిచట గ్రహింపరాదని స్పష్టపఱచెను. కావున యోగమనఁగాఁ గూడిక యని నేఁడు తఱచుగాఁ జేయఁబడు వ్యాఖ్యానము పాతంజలశాస్త్రమునకుఁ జెల్లదు.

వైద్యగ్రంథములలో నీ శబ్దమునకు మఱియొక యర్థము రూఢమైనది. అచట యోగమనఁగా నౌషధద్రవ్యముల కూర్పు. యోగశతకము, యోగరత్నాకరము మొదలగు గ్రంథనామములందలి యోగశబ్దమున కిదియే యర్థము. పూర్వకాలపు వైద్యుఁడు యోగచికిత్స యను మాటను వినినచో మందులకూర్పుతోఁ జేయు చికిత్స యనియే గ్రహించియుండెడివాఁడు. కనుక వైద్యగ్రంథమున యోగశబ్దము కనఁబడినంతనే యాసనప్రాణాయామముల నూహించుట తగదు.

వైయాకరణులకుఁ బరిచితమైన యైతిహ్యమొకటి గలదు. పతంజలి యొక్కఁడే యోగశాస్త్రముచేతఁ జిత్తమలమును, వ్యాకరణముచేత వాఙ్మలమును, వైద్యముచేత శరీరమలమును దొలఁగించెనని చెప్పుదురు. 11వ శతాబ్దమునందలి భోజరాజు తన రాజమార్తాండవృత్తి యుపోద్ఘాతమునఁ దానును శబ్దానుశాసనము, యోగవృత్తి, రాజమృగాంకమను వైద్యగ్రంథము రచించి యీ మూఁడు మలములను హరించితినని పతంజలితోఁ దన్నుఁ బోల్చుకొనెను. మహాభాష్యము క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమునకుఁ జెందినదనియు, యోగసూత్రములు క్రీస్తుశకారంభానంతరము పుట్టినవనియుఁ బెక్కండ్రు పండితుల యభిప్రాయ మగుటచేఁ గర్త యొక్కఁడే యను మాట చరిత్రమునకు నిలువదు. అయినను నీ యైతిహ్యమున గ్రహింపఁదగిన యంశ మొకటి గలదు. వాక్కు, మనస్సు, శరీరము ననునవి వేఱువేఱు శాస్త్రములకు విషయములైనను, శుద్ధి నొందవలసిన పురుషుఁ డొక్కఁడే యని పూర్వులు తలంచిరి.

ఆయుర్వేదమునందలి బీజములు

చరకసంహితలో నాసనములు చికిత్సగా విధింపఁబడలేదు. శారీరస్థానము ప్రథమాధ్యాయమున యోగప్రశంస గలదు. మనస్సు ఆత్మయందు స్థిరముగా నిలిచినపుడు సుఖదుఃఖములు నివర్తించుననియు, నదియే యోగమనియు, యోగులకు నెనిమిది విధములైన యైశ్వర్యములు గలుగుననియు నచట వివరింపఁబడినది. అది మోక్షోపాయమేకాని జ్వరాతిసారములకు మందు కాదు. అయినను యోగచికిత్సకు మూలములనఁదగిన భావములు మూఁడు చరకునియందుఁ గనఁబడుచున్నవి.

మొదటిది సత్త్వావజయము. సూత్రస్థానము పదునొకండవ యధ్యాయమునఁ జికిత్స దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము నని మూఁడు తెఱఁగులుగా విభజింపఁబడినది. అహితవిషయములనుండి మనస్సును మరలించుట సత్త్వావజయము. మనోనిగ్రహము వైద్యములో నొక శాఖ యని యిచట శాస్త్రమే యంగీకరించుచున్నది.

రెండవది ప్రజ్ఞాపరాధము. ధీధృతిస్మృతులు భ్రంశము నొందఁగా మనుష్యుఁడు చేయు నపచారమే సర్వదోషప్రకోపమునకుఁ గారణమని చరకమతము. రోగము వెలుపలనుండి మాత్రమే రాదు. తన స్థితిని దాను మఱచుటయు దానికి హేతువే.

మూఁడవది వేగధారణనిషేధము. మూత్రము, పురీషము, రేతస్సు, వాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆఁకలి, దప్పి, కన్నీరు, నిద్ర, శ్రమవలనఁ గలుగు నిట్టూర్పు నను 13 వేగములను బలిమి నడఁచుకొనరాదని సూత్రస్థానము సప్తమాధ్యాయమున విధింపఁబడినది. కన్నీటి నాఁపుకొనినవారికిఁ బీనసము, నేత్రరోగము, హృద్రోగము, అరుచి, భ్రమము కలుగునని యచటఁ జెప్పఁబడియుండుట గమనింపఁదగినది. లోభశోకభయక్రోధాదులైన మనోవేగములను మాత్ర మడఁపవలయునని చరకుఁడు వెంటనే చెప్పెను. దేహము తెలుపు సంజ్ఞలను వినవలయును. మనస్సు రేఁచు నావేశములకు లోఁబడరాదు. నేఁటి యోగచికిత్సకులు శరీరముతోఁ దెగిన సంబంధమును మరలఁ గూర్చుట యని చెప్పుదానికి నింతకంటెఁ బ్రాచీనమైన వైద్యవిధిని జూపుట కష్టము.

పాతంజలమున దేహస్థానము

యోగసూత్రములు మొత్తము 195 లేక 196. వానిలో నాసనమును గూర్చినవి సాధనపాదమునందలి మూఁడు మాత్రమే. ఆసనము స్థిరముగను సుఖముగను నుండవలయుననియు, బ్రయత్నశైథిల్యమువలన నది సిద్ధించుననియు, దానివలన ద్వంద్వములు బాధింపవనియుఁ జెప్పి సూత్రకారుఁడు విరమించెను. ఏ యాసనము నే రోగమునకుఁ దగునో యాతఁడు చెప్పలేదు.

అయినను వ్యాధి యోగశాస్త్రమున నుపేక్షింపఁబడలేదు. సమాధిపాదమునఁ జెప్పిన తొమ్మిది చిత్తవిక్షేపములలో మొదటిది వ్యాధియే. ధాతువులు, రసములు, ఇంద్రియములు వైషమ్యము నొందుట వ్యాధి యని వ్యాసభాష్యము వైద్యపరిభాషతోనే దానిని నిర్వచించినది. ఆ విక్షేపములకుఁ దోడుగా వచ్చునవి దుఃఖము, దౌర్మనస్యము, అంగకంపము, క్రమము దప్పిన శ్వాసప్రశ్వాసములు నని తరువాతి సూత్రమువలనఁ దెలియుచున్నది. చిత్తము చెదరుటయు, నవయవములు వడఁకుటయు, నూపిరి తడఁబడుటయు నొకే స్థితికిఁ జెందినవని సూత్రకారుఁ డెఱింగెను.

పాతంజలమునకు దేహమునెడఁ గల దృష్టి మాత్ర మేకరూపము కాదు. శౌచము స్థిరపడఁగాఁ దన దేహమునందే జుగుప్స కలుగునని సాధనపాదము చెప్పుచున్నది. విభూతిపాదమున నాభిచక్రమునందు సంయమము చేసినచో దేహములోని నిర్మాణము తెలియుననియు, భూతజయమువలన రూపలావణ్యబలములతో వజ్రతుల్యమైన కాయసంపత్తు లభించుననియుఁ గలదు. జుగుప్సయుఁ గాయసంపత్తు నొకే గ్రంథమునఁ జెప్పఁబడుటచే, దేహమును విడుచుటయే యోగమని కాని, దేహమును బెంచుటయే యోగమని కాని యేకాంతముగాఁ జెప్పుటకు వలను పడదు.

ఆధివ్యాధిసంబంధము

చిత్తదేహముల యన్యోన్యసంబంధమును యోగవాసిష్ఠము నిర్వాణప్రకరణమునఁ జూడాలోపాఖ్యానము విపులముగాఁ జెప్పుచున్నది. మనఃపీడ యాధి, దేహపీడ వ్యాధి. చిత్తము క్షోభించినపుడు ప్రాణములు సమగతి విడిచి నాడులలో విషమముగాఁ బ్రవర్తించును. దానివలన నన్నము సరిగాఁ బచనము నొందక వ్యాధిగాఁ బరిణమించును. ఇట్టి వ్యాధి, మూలమైన యాధి నశించినఁ గాని నశింపదు. ఆధివ్యాధు లని తెలుఁగువారు జంటగాఁ బలుకు మాటకు వెనుక నింతటి శాస్త్రవిచారము గలదు.

ధారణాచికిత్స

ఇంతవఱకుఁ జూపిన గ్రంథములలో యోగమునకుఁ జికిత్సకును సంబంధము సూచింపఁబడినదే కాని, యోగాంగమొకటి రోగస్థానమునఁ బ్రయోగింపఁబడలేదు. ఆ ప్రయోగము స్పష్టముగాఁ గనఁబడునది మార్కండేయపురాణమునందు. మదాలసాపుత్రుఁడైన యలర్కునకు దత్తాత్రేయుఁడు చేసిన యుపదేశమున నిది యున్నది. తగని కాలమునను దగని దేశమునను యోగ మభ్యసించువానికిఁ జెవుడు, జడత, స్మృతిలోపము, మూఁగతనము, అంధత్వము, జ్వరము సంభవించునని చెప్పి, దత్తాత్రేయుఁడు వానికిఁ బ్రతిక్రియలను విధించెను. వాతగుల్మాదులకు వెచ్చని గంజి నుపయోగించుట వానిలో నొకటి. తక్కినవి మనస్సుతోఁ జేయవలసినవి. వడఁకు పుట్టినచో మహాపర్వతమును మనస్సున నిలుపవలయును. మాట పడిపోయినచో వాక్కునందును, జెవుడు గలిగినచో శ్రవణేంద్రియమునందును ధారణ చేయవలయును. దప్పిగొన్నవాఁడు మామిడిపండును నాలుకయందు భావించునట్లు చేయవలయునని దృష్టాంతము. దేహమున నే భాగము బాధపడుచున్నదో యా భాగమునకు మేలుచేయు ధారణను, నుష్ణమున శీతమును, శీతమున నుష్ణమును నిలుపవలయునని సామాన్యవిధి.

నేపాళమునఁ దాళపత్రప్రతులలో రక్షింపఁబడిన శివధర్మసంబంధి గ్రంథములలోని ధర్మపుత్రికయందును యోగచికిత్సాప్రకరణము గలదు. 15వ శతాబ్దమునందలి స్వాత్మారాముని హఠప్రదీపిక నాలుగుపదేశముల గ్రంథముగాఁ బ్రసిద్ధమైనను, గొన్ని ప్రతులలో నైదవ యుపదేశము కనఁబడుచున్నది. ప్రమాదవశమున వాయువు తన మార్గము విడిచి తిరుగఁగాఁ గలుగు వ్యాధులకుఁ జికిత్స దాని విషయము. దేహమున నెచట నొప్పి కలుగునో యచటి వాయువును మనస్సుచే భావించి, యేకాగ్రతతో నూపిరిని బూరించి, పిదప మెల్లఁగా రేచింపవలయునని యచటి విధి. లోనౌచరణమునఁ జేయు నీ క్రియకుఁ దోడుగా నాహారనియమమును నచటఁ జెప్పఁబడినది.

మార్కండేయపురాణము, ధర్మపుత్రిక, హఠప్రదీపికయొక్క యైదవ యుపదేశము నొకచోఁ జేర్చి చూచినచో యోగచికిత్సయొక్క ప్రాచీనరూపము తేటపడును. అది యాసనముల పట్టిక కాదు. నొప్పిగల చోటునుండి మనస్సు పాఱిపోవుట స్వభావము. ఆ మనస్సును బ్రాణముతోఁ గూర్చి మరల నా చోటికే చేర్చుట యీ చికిత్స. ఇచట యోగశబ్దమునకు సమాధ్యర్థము చాలదు. సంయోగార్థకమైన రుధాదిధాతువే యిచట నర్థవంతమగుచున్నది.

మార్కండేయపురాణమును 14వ శతాబ్దమునఁ దెనిఁగించిన మారన తిక్కనసోమయాజి శిష్యుఁడు. కాకతీయ ప్రతాపరుద్రుని సేనానియగు గన్నయకు నా కావ్యము నంకితము చేసెను. మదాలసాలర్కుల చరిత్రము తెలుఁగుపాఠకులకు నపరిచితము కాదు.

హఠగ్రంథములు, ఆంధ్రకృతి

ఆసనములకు రోగనివారకశక్తిని జెప్పినవి హఠగ్రంథములు. ఆసనమువలన స్థైర్యము, ఆరోగ్యము, అంగలాఘవము కలుగునని హఠప్రదీపిక చెప్పుచున్నది. మత్స్యేంద్రాసనము జఠరాగ్నిని బ్రజ్వలింపఁజేయుననియు, మయూరాసనము గుల్మోదరాది వ్యాధులను హరించుననియు నందుఁ గలదు. అయినను నా గ్రంథమున వర్ణింపఁబడిన యాసనములు పదునైదింటికి మించవు. వానిలోఁ బెక్కులు కూర్చుండి చేయునవి. ధౌతి, వస్తి, నేతి, త్రాటకము, నౌలి, కపాలభాతి యను షట్కర్మములు మేదశ్శ్లేష్మము లధికమైనవారికే కాని దోషసామ్యము గలవారికిఁ గావలసినవి కావని స్వాత్మారాముఁ డధికారిభేదము చెప్పెను. సింహగజవ్యాఘ్రములను మెల్లమెల్లఁగా మచ్చికచేయునట్లు ప్రాణమును వశపఱచుకొనవలయుననియు, నట్లుకానిచో నది సాధకునే చంపుననియు హెచ్చరించెను. యుక్తమైన ప్రాణాయామమున సర్వరోగములు నశించును. అయుక్తమైనచో నెక్కిళ్లు, శ్వాస, కాసము, శిరోవేదన, కర్ణనేత్రబాధలు పుట్టును. ఔషధమునకు వలెనే యోగమునకును మాత్రయు నపథ్యమును గలవని యీ గ్రంథకారుల నిశ్చయము.

ఈ సందర్భమున హఠరత్నావళి స్మరింపఁదగినది. 17వ శతాబ్దప్రాంతమువాఁడైన శ్రీనివాసయోగి దీనికిఁ గర్త. ఆతఁ డాంధ్రదేశీయుఁడని పరిశోధకుల యభిప్రాయము. వేదవేదాంతములతోపాటు శేషావతారుఁడగు పతంజలి శబ్దశాస్త్రమునందును దనకుఁ బాండిత్యము గలదని యాతఁడే చెప్పుకొనెను. ఎనుబదినాలుగాసనములు గలవని పూర్వగ్రంథములు చెప్పుచుండఁగా, వాని పేళ్లన్నింటిని వరుసగా లెక్కించి చూపిన గ్రంథములలో హఠరత్నావళి ముఖ్యమైనది. హఠప్రదీపికలోని కొన్ని యభిప్రాయములను శ్రీనివాసయోగి ఖండించుటయుఁ గలదు. శబ్దశాస్త్రపండితుఁడు హఠాభ్యాసమును శాస్త్రదృష్టితో శోధించుట యాంధ్రదేశమునకుఁ గ్రొత్త కాదని యీ గ్రంథము నిరూపించుచున్నది.

ఆధునికపరిణామము

యోగచికిత్స వ్యవస్థీకృతమైన వృత్తిగా నేర్పడినది 20వ శతాబ్దమున. పరమహంస మాధవదాసు శిష్యులిరువు రిందుకుఁ గారకులు. వారిలో శ్రీ యోగేంద్రుఁడు 1918లో బొంబాయి వెర్సోవాయందు యోగసంస్థను స్థాపించెను. స్వామి కువలయానందుఁడు 1924లో లోనావళాయందుఁ గైవల్యధామమును స్థాపించి, యోగమీమాంస యను పత్రికను వెలువరించెను. ఉడ్డియానము, నౌలి చేయునపుడు దేహములో జరుగు మార్పులను ఎక్స్‌రే యంత్రముతోఁ బరీక్షించి ప్రకటించుట యాతఁడు తెచ్చిన క్రొత్త మార్గము. గురూపదేశముగాఁ గర్ణాకర్ణిగా వచ్చుచున్న విద్య యంత్రపరీక్షకు లోనగుట కిది యారంభము.

1933 మొదలుకొని మైసూరు జగన్మోహనప్రాసాదమున యోగశాల నడపిన తిరుమల కృష్ణమాచార్యుఁడు 1934లోఁ గన్నడమున యోగమకరందమును బ్రకటించెను. రోగి వయస్సు, బలము, వృత్తి ననుసరించి యభ్యాసమును మార్చి యుపదేశించుట యాతని పద్ధతి. ఔంధు సంస్థానాధిపతి భవానరావు పంతు ప్రతినిధి 1920వ దశాబ్దమున సూర్యనమస్కారములకు వ్యాయామముగాఁ బ్రచారము కలిగించెను. యూరపునుండి వచ్చిన వ్యాయామపద్ధతుల ప్రభావమును నా కాలమున యోగశాలలపైఁ బడెను. నేఁడు చూచు స్థితాసనములలోఁ బెక్కింటికిఁ బ్రాచీనగ్రంథములందు వర్ణనము దొరకకుండుటకు నిదియే కారణము. రెండవ పక్షమువారి మాటలోని సత్యాంశ మింతవఱకే.

పాశ్చాత్యశాస్త్రమున నిందుకు సంబంధించిన భావ మొకటి వేఱుగా నుదయించినది. ఇంగ్లండు దేశపు నాడీశాస్త్రజ్ఞుఁడు షెరింగ్టన్ 1906లో బాహ్యేంద్రియములకంటె భిన్నముగా దేహము తన లోపలి స్థితినిఁ దానెఱుఁగు శక్తిని బ్రత్యేకముగా నిరూపించి దానికిఁ బేరు పెట్టెను. దానిని అంతర్బోధ యనవచ్చును. ఆఁకలి, దప్పి, గుండెకొట్టుకొనుట, ఊపిరి సంచారము దీనికి విషయములు. 1979లో అమెరికాయందలి మసాచుసెట్స్ వైద్యవిశ్వవిద్యాలయమున జాన్ కబట్-జిన్ దీర్ఘకాలిక వేదన గలవారికై యేర్పఱచిన క్రమమున హఠాసనములును, బాదమునుండి శిరస్సువఱకుఁ గ్రమముగా నొక్కొక్క యవయవమున మనస్సు నిలుపు నభ్యాసమును జేరినవి. దత్తాత్రేయుఁ డలర్కునకుఁ జెప్పిన ధారణకు నీ రెండవ యభ్యాసము సమీపబంధువు.

ఘోరానుభవములచేఁ గలఁగిన వారియందు నీ చికిత్సయొక్క ప్రయోజనము విశేషముగాఁ గనఁబడినది. హింసకుఁ బాత్రులైనవారు తమ దేహమునే శత్రువునుగాఁ దలంచి, దాని వేదనలను దెలియకుండునంతగా దానినుండి తొలఁగియుందురు. అట్టి 64 మంది స్త్రీలపై బెసెల్ వాన్ డెర్ కోల్క్ మొదలగువారు పది వారములు పరీక్ష జరిపి 2014లోఁ బ్రకటించిరి. యోగాభ్యాసము చేసిన 31 మందిలో 16 మందికి నా వ్యాధిలక్షణములు నిర్ణీతప్రమాణమునకు లోఁబడినవి. ఆరోగ్యోపదేశము మాత్రము పొందిన 29 మందిలో నట్టివారు 6 మంది. ఆ పద్ధతిలో నాసనముయొక్క రూపసౌష్ఠవమునకుఁ బ్రాధాన్యము లేదు. ఇప్పుడు కాలిలో నేమి తెలియుచున్నది, యూపిరి యెచట నున్నది యని రోగి తాన గమనించుటయు, నేది చేయవలయునో తానే నిర్ణయించుకొనుటయు ముఖ్యము.

దేహవ్యాధులందును బరీక్షలు జరిగినవి. నాగరత్న, నాగేంద్రులు 1985లో 53 మంది యుబ్బసరోగులను, నంతే సంఖ్యగల యభ్యాసము లేని రోగులతోఁ బోల్చి చూచి, యోగమువలన మేలు గలిగినదని బ్రిటిష్ వైద్యపత్రికలోఁ బ్రకటించిరి. దీర్ఘకాలిక నడుమునొప్పిగల 320 మందిపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో యోగము, వ్యాయామచికిత్సకంటెఁ దక్కువ గాదని తేలినది. ఆ యేఁటనే అమెరికా వైద్యుల సంఘము దీర్ఘకాలిక నడుమునొప్పికి మందులకు ముందుగాఁ బ్రయత్నింపఁదగిన యుపాయములలో యోగమును జేర్చినది. ఈ పరీక్షలలోఁ గొన్నింటి సంఖ్య స్వల్పము. యోగము చేయువాఁడు తాను చేయుచున్నట్లెఱుంగును గనుక మందుపరీక్షలలో వలె రోగికిఁ దెలియకుండఁ బోల్చుట సాధ్యము కాదు. సర్వరోగనివారణము యోగమువలన సిద్ధించునని యీ ఫలితములనుండి చెప్పరాదు. శీర్షాసనమునఁ గంటిలోని యొత్తిడి హెచ్చునని నేత్రవైద్యులు చూపియున్నారు. స్వాత్మారాముఁడు చేసిన హెచ్చరిక నేఁటికిని జెల్లుచున్నది.

ఫలితార్థము

ఆసనములతో రోగములను వరుసగాఁ గుదుర్చు పద్ధతి పతంజలినుండి వచ్చినదను మొదటి పక్షము గ్రంథములకు విరుద్ధము. యోగచికిత్స యంతయు నూతనకల్పన మను రెండవ పక్షము మార్కండేయపురాణమును, హఠప్రదీపికాంతమును జదువని వారి మాట. మాఱినది బాహ్యరూపము. ఆసనముల సంఖ్య పెరిగినది, శాలలు పుట్టినవి, యంత్రములు వచ్చినవి. మాఱనిది వేదనాస్థానమున మనఃప్రాణముల నిలుపు క్రియ. చరకుని వేగవిధి, పతంజలి చెప్పిన శ్వాసాంగకంపములు, వాసిష్ఠమునందలి యాధివ్యాధిసంబంధము నా క్రియకుఁ బూర్వరంగములు.

ఈ నిర్ణయమువలన నాచరణమునందొక ఫలము గలదు. శయ్యను విడువలేని రోగికి మయూరాసనము చెప్పుట నిరర్థకము, ధారణ చెప్పుట సార్థకము. వార్ధకమున నవయవములు బిగిసినవాఁడు, పక్షవాతమున నొక పార్శ్వము నష్టమైనవాఁడు, శోకమున నాహారనిద్రలు మఱచినవాఁడు యోగమునకుఁ దా మనధికారులమని తలంచుటకు నవకాశము లేదు. అంగవిన్యాసమునే యోగముగాఁ జూపు పద్ధతి వలన నధికముగా నష్టపడువారు వీరే. వైద్యుఁ డిచ్చు మందును విడువక, యూపిరియు మనస్సును దేహమున నిలుపఁగలిగినచో వీరికిని యోగము గలదు.

ధర్మపుత్రికవంటి గ్రంథములకు సపాఠాంతరములైన ముద్రణములును, హఠరత్నావళివంటి యాంధ్రకృతులకుఁ దెలుఁగు తాత్పర్యములును బాఠశాలలకు నందినచో నీ విషయమునఁ బండితులకును వైద్యులకును సంవాదము సుకరమగును. ధాతువు మూఁడు గణములందు మూఁడర్థములతోఁ జదువఁబడినపుడు, ప్రకరణమును బట్టి యర్థమును నిర్ణయించుట వైయాకరణుని ధర్మము. చికిత్సాప్రకరణమున యోగమునకుఁ దగిన యర్థము సంయోగమే యని పై గ్రంథములు సాక్ష్యమిచ్చుచున్నవి. విజ్ఞులు విమర్శింతురు గాక.